స్కాలర్‌షిప్‌లో వాటా అడిగే ఏజెంటుతో సంతకం వద్దు

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ టోర్నీలు ఆడుతుంది. ఈ ఏడాది మహిళల 15కె (మొత్తం 15,000 డాలర్ల ప్రైజ్‌మనీ ఉండే) టోర్నీల్లో కొద్దిగా ప్రైజ్‌మనీ కూడా వచ్చింది. అమెరికా కాలేజీలో టెన్నిస్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ వచ్చారు. స్కాలర్‌షిప్‌లో 15 శాతం తనకివ్వాలట. అక్కడ ఇప్పుడు ఆటగాళ్లకు కాలేజీలే లక్షల డాలర్లు ఇస్తున్నాయి, ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టేయొచ్చు అంటున్నారు. ప్రైజ్‌మనీ తీసుకుంటే అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడన్న) హోదా పోతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. అక్కడి పిల్లలకు కోట్లు ఇస్తూ, మా పిల్ల గెలిచిన వందల డాలర్లకు ఆంక్షలు పెట్టడం ఏం న్యాయం? ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. నోటిమాటగా కూడా సరేననకండి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ దృష్టిలో ఏజెంటుతో నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. పిల్లల మార్కులు, ఆట రికార్డు, వీడియోలు కాలేజీలకు పంపిపెట్టినందుకు ఎవరికైనా నిర్ణీత ఫీజు ఇవ్వొచ్చు, దానికి ఎన్‌సీఏఏ అడ్డు చెప్పదు. కానీ ఆ ఫీజు స్కాలర్‌షిప్ రావడం మీదో, ఎంత వచ్చిందన్న దాని మీదో ఆధారపడితే ఆ మనిషిని ఆటగాడి ఏజెంటుగా లెక్కిస్తారు, అది ఆడే అర్హతకే ముప్పు. ఎన్‌సీఏఏ రూల్ బుక్కులో చాలాకాలంగా ఉన్న గీత ఇది. మీ కన్సల్టెంట్ అడుగుతున్న 15 శాతం సరిగ్గా ఆ గీతకు అవతలి పక్కన ఉంది.

నిబంధన సంగతి పక్కన పెట్టి డబ్బు లెక్క చూసినా ఇది నష్టమే. స్కాలర్‌షిప్ మీ చేతికొచ్చే నగదు కాదు. ట్యూషన్ ఫీజు, హాస్టల్, భోజనం కింద యూనివర్సిటీ తన ఖాతాలోనే సర్దుకుంటుంది. ఏడాదికి 50,000 డాలర్ల స్కాలర్‌షిప్ అనుకుంటే అందులో 15 శాతం 7,500, నాలుగేళ్లకు 30,000 డాలర్లు. అదంతా మీ జేబులోంచే పోవాలి. ‘కోచ్‌కి కొంత ముట్టజెబితే సీటు గ్యారంటీ’ అని ఎవరైనా అంటే ఇక మాట్లాడకుండా లేచి వచ్చేయండి. 2019లో అమెరికాలో బయటపడిన అడ్మిషన్ల కుంభకోణంలో తల్లిదండ్రులు జైలుకెళ్లారు. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ టెన్నిస్ మాజీ కోచ్ గోర్డన్ ఎర్న్‌స్ట్‌కు 2022లో రెండున్నరేళ్ల శిక్ష పడింది. రిక్రూట్‌మెంట్ పేరుతో లంచాలు తీసుకుని, అర్హత లేనివాళ్లను టెన్నిస్ ఆటగాళ్లుగా చూపించడం ఆయన నేరం.

న్యాయం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. దశాబ్దాల పాటు ఎన్‌సీఏఏ ఒకే వాదన మీద నిలబడింది: వీళ్లు విద్యార్థులు, స్కాలర్‌షిప్ మించి పైసా ముట్టకూడదు. అదే సమయంలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ప్రసార హక్కులతో యూనివర్సిటీలు, కోచ్‌లు కోట్లు గడించారు. డబ్బు చాటుగా ఆటగాళ్ల దగ్గరికి వెళ్తూనే ఉండేది. అలా దొరికిపోయిన డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. చివరికి 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0 తీర్పుతో ఎన్‌సీఏఏ వాదనను తోసిపుచ్చింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలకు పరిమితి పెట్టడం పోటీ చట్టానికి విరుద్ధమంది. ఆ జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీల నుంచి డబ్బు తీసుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. తర్వాత 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్’ అనే కేసు రాజీకి కోర్టు ఆమోదం వచ్చింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇప్పటి ఆటగాళ్లకు ఈ రాజీలో చేరిన ఒక్కో యూనివర్సిటీ 2025-26లో దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా పంచే వీలు కలిగింది.

మీ కన్సల్టెంట్ చూపిస్తున్న లక్షల డాలర్లు ఇవే. అందులో అత్యధిక భాగం ఫుట్‌బాల్‌కు, తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతుంది. టెన్నిస్‌కు మిగిలేది చాలా తక్కువ. పైగా ఆ ఖర్చు భారం చిన్న క్రీడల మీద పడుతోంది. ఎల్‌పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ 2025లో మహిళల టెన్నిస్ జట్టునే ఎత్తేసింది. ఈ సంస్కరణ ఆలస్యంగానైనా అవసరమైనదే అని గట్టిగా నమ్ముతాను. కానీ దాని ఫలం అందరికీ సమానంగా చేరలేదు.

ప్రైజ్‌మనీ విషయంలో అసమానత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2016 రియోలో మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన సింగపూర్ ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్ అప్పటికి టెక్సస్ యూనివర్సిటీ విద్యార్థి. సింగపూర్ ప్రకటించిన సుమారు 7.4 లక్షల అమెరికన్ డాలర్ల బహుమతి ఒలింపిక్ ప్రోత్సాహకం కాబట్టి ఎన్‌సీఏఏ అభ్యంతరపెట్టలేదు. టెన్నిస్‌కొచ్చేసరికి కాలేజీలో చేరకముందు ఏడాదికి 10,000 డాలర్ల వరకే ప్రైజ్‌మనీ, ఆపైన ఆ టోర్నీకైన వాస్తవ ఖర్చులు మాత్రమే తీసుకోవాలన్నది చాలాకాలం అమలైన నిబంధన. నార్త్ కరోలినా యూనివర్సిటీ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మేయర్ 2021 యూఎస్ ఓపెన్‌లో సంపాదించిన 48,913 డాలర్లలో చాలా భాగం వదులుకోవాల్సి వచ్చింది. ఆమె 2024లో ఎన్‌సీఏఏ మీద కేసు వేసింది. నిబంధనలు సడలింపు వైపే కదులుతున్నాయి. అయినా మీ అమ్మాయి ఫైలు చూసే రోజున ఏది అమల్లో ఉంటే అదే చెల్లుతుంది. అందుకే కఠినమైన పాత నిబంధనకు కూడా సరిపోయేలా నడుచుకోవడం క్షేమం.

అమ్మాయికి వచ్చింది వందల డాలర్లే కాబట్టి దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. ప్రైజ్‌మనీని ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం, జనవరి నుంచి డిసెంబర్ వరకు కలిపి లెక్కేస్తారు. ఈరోజే ఒక ఫైలు తెరవండి. ప్రతి టోర్నీకి ఎంట్రీ ఫీజు, ప్రయాణం, గది, భోజనం, కోచింగ్ బిల్లులు తేదీలవారీగా అందులో పెట్టండి. వెంట వెళ్లిన అమ్మానాన్నల టికెట్లు, గది బిల్లులు విడిగా ఉంచండి, ఎందుకంటే వాటిని ఆటగాడి ఖర్చుగా చూపబోతే పేచీ వస్తుంది. ఎవరైనా స్పాన్సర్ చేస్తే డబ్బు దేనికి ఇచ్చారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైనది వీసా. అమ్మాయి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్తుంది. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని తప్ప, అనుమతి లేకుండా బయట పనిచేయకూడదు. ప్రకటన షూటింగ్, డబ్బు తీసుకుని పెట్టే ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, ఆటోగ్రాఫ్ కార్యక్రమం, ఇవన్నీ పని కిందికే రావచ్చు. వీసా పోతే చదువూ ఆటా రెండూ ఆగిపోతాయి. యూనివర్సిటీ నేరుగా ఇచ్చే వాటా కూడా విదేశీ విద్యార్థుల విషయంలో ఉద్యోగం కిందికి వస్తుందేమోనన్న భయంతో చాలా యూనివర్సిటీలు ఆచితూచి వ్యవహరిస్తున్నాయి. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన బాస్కెట్‌బాల్ స్టార్ ఆస్కార్ చీబ్వే 2022లో జట్టుతో బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ బయట, తన ఎన్‌ఐఎల్ పనులు పూర్తిచేసుకున్నాడు. అంతటివాడికే ఆ తిప్పలు తప్పలేదు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఇక్కడి కంపెనీకి ఇక్కడే ప్రకటన చేసుకునే వీలుంది. కానీ ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి, 600 డాలర్లు, ఆపైన విలువైన ఒప్పందాన్ని ఎన్‌ఐఎల్ గో అనే వేదికలో నమోదు చేయాలి. మీ లెక్కల్లో ఎన్‌ఐఎల్ ఆదాయం దగ్గర సున్నా వేసుకోండి. ఆ సున్నాతో కూడా కుదిరే కాలేజీనే ఎంచుకోండి.

కాలం విషయంలో మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు. ఎన్‌సీఏఏ పోటీల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1 టెన్నిస్‌లో హైస్కూల్, అంటే మనకు ఇంటర్, పూర్తికావాల్సిన తేదీ నుంచి ఆరు నెలలు మాత్రమే వెసులుబాటు. ఆ తర్వాత కాలేజీలో చేరకుండా టోర్నీలు ఆడితే, అలా ఆడిన ఒక్కో ఏడాదికి ఒక్కో సీజన్ అర్హత పోతుంది. చాలా క్రీడల్లో ఈ గడువు ఏడాది ఉంటే టెన్నిస్‌కే ఇంత తక్కువ. ‘ఒక ఏడాది ఆగి ర్యాంకు పెంచుకుని వెళ్దాం’ అన్న సలహా మంచిదే అనిపిస్తుంది గానీ నాలుగేళ్ల అర్హతలో ఒకటి తినేస్తుంది. ఇంటర్ అయిన ఏడాది ఆగస్టులోనే చేరేలా చూడండి.

చదువు వైపు చూస్తే, డివిజన్ 1కు 9 నుంచి 12 వరకు నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు (ఏడాది చదివిన ఒక్కో ముఖ్య సబ్జెక్టు ఒకటిగా లెక్క), వాటిలో 4కు కనీసం 2.3 సగటు కావాలి. 2023 నుంచి ఎన్‌సీఏఏ అర్హతకు ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష అక్కర్లేదు, యూనివర్సిటీ అడిగితే వేరు. ఎంపీసీ విద్యార్థికి ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ సులువుగా సరిపోతాయి. సోషల్ మాత్రం 9, 10 తరగతుల్లో చదివిందే. అందుకని 9వ తరగతి మార్కుల రికార్డు స్కూలు ముద్రతో ఇప్పుడే తీసుకోండి, చాలామంది దగ్గర అదే దొరకదు. ఆటగాళ్ల అర్హత పరిశీలించే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరిచి, ఆడిన టోర్నీలు, వచ్చిన డబ్బు దాచకుండా రాయండి. ఆగస్టులో చేరేవాళ్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తుది అమెచ్యూర్ ధ్రువీకరణ కోరాలి. చిన్న మొత్తం చెప్పడం వల్ల నష్టం లేదు, చెప్పకపోవడం బయటపడితే ఉంది.

కన్సల్టెంట్ చేసే పని మీరే చేసుకోవచ్చు. కోచ్‌లు మొదట చూసేది ఆటగాడి స్థాయిని అంకెల్లో చెప్పే యూటీఆర్ రేటింగ్. కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి. ఒక్కో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో జట్టు వివరాలు తెరిచి, 4 నుంచి 6 స్థానాల్లో ఆడే అమ్మాయిల యూటీఆర్ మీ అమ్మాయిదానికి దగ్గరగా ఉందా, వాళ్లలో ఎవరు వచ్చే ఏడాది వెళ్లిపోతున్నారు అన్నది చూడండి. అలా ఎంచిన 40, 50 మంది కోచ్‌లకు అమ్మాయే స్వయంగా ఈమెయిల్ రాయాలి. పుట్టిన ఏడాది, ఇంటర్ పూర్తయ్యే నెల, యూటీఆర్, మార్కులు, పూర్తి పాయింట్లు కనిపించే మ్యాచ్ వీడియో అందులో ఉంటే చాలు. పదో తరగతి అయిన జూన్ 15 దాటింది కాబట్టి కోచ్‌లు జవాబివ్వొచ్చు. విశాఖకు చెందిన సాకేత్ మైనేని అలబామాకు ఆడాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. మన ఆటగాళ్లు అక్కడి కోచ్‌లకు కొత్త కాదు.

ఆఫర్ వస్తే రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. ఎన్ని శాతం, ఎన్నేళ్లకు? 2025 వరకు డివిజన్ 1 మహిళల టెన్నిస్‌లో జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి. రాజీలో చేరిన యూనివర్సిటీల్లో ఇప్పుడు జట్టుకు 10 మంది పరిమితి, స్కాలర్‌షిప్‌ను ముక్కలుగా కూడా ఇవ్వొచ్చు. కాబట్టి ‘స్కాలర్‌షిప్ ఇస్తాం’ అన్నంత మాత్రాన పూర్తిగా ఇస్తారనుకోవద్దు. హార్వర్డ్, యేల్ లాంటి యూనివర్సిటీలుండే ఐవీ లీగ్‌లో, ఎన్‌సీఏఏ కింది స్థాయి అయిన డివిజన్ 3లో ఆట స్కాలర్‌షిప్‌లే లేవు. హాస్టల్, భోజనం కింద వచ్చే భాగం మీద అమెరికాలో పన్ను ఉంది. ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా 14 శాతం ముందే కోస్తారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ కోరవచ్చు. రిటర్ను వేస్తే ఆ కోతలో కొంతైనా తిరిగొస్తుంది. ఆ రిటర్ను 1040-ఎన్‌ఆర్ ఫారంలో వేయాలి. గడువు ఏటా, క్యాంపస్ ఉద్యోగ జీతం కూడా ఉంటే ఏప్రిల్ 15, స్కాలర్‌షిప్ మాత్రమే ఉంటే జూన్ 15.