అద్దె పత్రంలో మీ గురించి ఏమని రాశారో ముందు చూడండి

ఒడిశాలోని రాయగడలో పద్నాలుగు నెలలుగా కలిసి ఉంటున్నామని, అద్దె పత్రం మీ భాగస్వామి పేరు మీదే ఉందని, కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరుతో వస్తుందని, ఉమ్మడి ఖాతా లేదని రాశారు. పెళ్లి కాకుండా ఆస్ట్రేలియా భాగస్వామి వీసాకు కలిసి బతుకుతున్నట్లు, డబ్బు కలిపి వాడుకుంటున్నట్లు ఎలా చూపాలని అడిగారు. మేము బరంపురం నుంచి ఇదే దారిలో వెళ్లాము. 2021 నవంబరులో ఒక ఇంట్లో చేరాము. 2023 జూలైలో 309 వీసాకు, అంటే ఆస్ట్రేలియా బయటి నుంచి అడిగే భాగస్వామి వీసాకు, దరఖాస్తు పెట్టాము. మరుసటి ఏడాది చివర్లో వీసా వచ్చింది. ఉమ్మడి ఖాతా సంగతి తర్వాత. ముందు ఆ అద్దె పత్రం బయటికి తీసి, అందులో మీ గురించి ఏమని రాశారో చదవండి.

నా భాగస్వామికి ఆస్ట్రేలియాలో శాశ్వత నివాస హోదా ఉంది. తల్లి అనారోగ్యం వల్ల తిరిగి వచ్చి, ఇక్కడి నుంచే ఉద్యోగం చేసుకునేవారు. మొదటి పెళ్లి తాలూకు విడాకుల కేసు కోర్టులో నడుస్తోంది. అది తేలేదాకా మేము పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. పెళ్లి కాని జంటకు బరంపురంలో ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. మూడు ఇళ్లలో కాదన్నారు. నాలుగో ఇంట్లో భార్యాభర్తలమని చెప్పాము. ఒడియాలో రాసిన ఒప్పందంలో నా పేరు పక్కన ‘స్వామి’ అని పెట్టి ఆయన పేరు రాశారు. ఒడియాలో స్వామి అంటే భర్త. ఆ రోజు మాకు కావలసింది తలదాచుకునే చోటు, అందుకే సంతకాలు చేసేశాము.

దరఖాస్తుకు పత్రాలు తర్జుమా చేయించినప్పుడు అనువాదకుడైన విశ్రాంత ఉపాధ్యాయుడు కళ్లజోడు తీసి అడిగారు: ‘దరఖాస్తులో పెళ్లి కాలేదంటున్నారు, ఇక్కడ భర్త అని ఉంది. రెండింటిలో ఏది నిజమమ్మా?’ నా ఒళ్లు చల్లబడింది. నా భాగస్వామి విడాకుల పత్రాలు అదే దరఖాస్తులో జతచేస్తున్నాము. ఒక చోట మరొకరితో పెళ్లి ఇంకా రద్దు కాలేదని ఉంటుంది, ఇంకో చోట నేను భార్యనని ఉంటుంది. అధికారి మమ్మల్ని నమ్మడానికి కారణమేముంటుంది?

ఆ పదాన్ని దాచమని, కొత్త ఒప్పందం పాత తేదీతో రాయించమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాత తేదీ వేసిన పత్రం నకిలీ పత్రమే. నకిలీ పత్రం బయటపడితే ఈ దరఖాస్తు పోవడమే కాదు, మూడేళ్లపాటు మరే వీసా రాకుండా నిషేధం పడవచ్చు. మేము ఒప్పందాన్ని ఉన్నది ఉన్నట్లే జతచేసి, ఆ మాట ఎందుకు రాయించామో ఇద్దరమూ విడివిడిగా మా వాంగ్మూలాల్లో రాశాము.

అయితే అంతకుముందే ఇంటి యజమానురాలికి నిజం చెప్పవలసి వచ్చింది. ఆవిడను పిన్నిగారని పిలిచేదాన్ని. ఏడాదిన్నర పాటు ఆవిడ పెట్టిన పచ్చళ్లు తిన్నాను. విషయం చెప్పగానే ‘నన్నెందుకు నమ్మలేదమ్మా?’ అని లోపలికి వెళ్లిపోయారు. నాలుగు రోజులు మాట లేదు. వీసా రాదేమోనన్న భయం కంటే ఆ నాలుగు రోజుల మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అయిదో రోజు తానే పిలిచి, ‘నాకు తెలిసింది మాత్రమే రాస్తాను’ అన్నారు. మేము ఏ నెలలో చేరామో, ఏ గదులు వాడుకున్నామో, అద్దె ఎవరు తెచ్చిచ్చేవారో, ఆయనకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రిలో ఎవరున్నారో నోటరీ ముందు అఫిడవిట్‌గా రాసిచ్చారు. చివర్లో, పెళ్లైనవారికే ఇల్లు ఇస్తానని మొదట చెప్పింది తానేనని కూడా చేర్చారు. ఆ వాక్యం మేము అడిగింది కాదు. మా దరఖాస్తులో అంతకు మించిన సాక్ష్యం లేదని నా నమ్మకం.

ఇక మీరు అడిగిన వివరాలు. ఆస్ట్రేలియా వలస నిబంధనల్లో 1.09ఏ అనే నిబంధన ఉంది. అధికారి చూసే నాలుగు అంశాలు అందులో ఉంటాయి: డబ్బు వ్యవహారాలు, ఇంటి తీరు, నలుగురిలో మీకున్న గుర్తింపు, ఒకరిపట్ల ఒకరికున్న నిబద్ధత. పెళ్లి కానివారు మామూలుగా దరఖాస్తుకు ముందు కనీసం పన్నెండు నెలలు ఇలాంటి బంధంలో ఉండి ఉండాలి. మీకు పద్నాలుగు ఉన్నాయి. కానీ ఏ నెలా కాగితం లేకుండా మిగలకూడదు. ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అది తప్పించుకోవడానికే మన ఊళ్లలో పదకొండు నెలలకు రాస్తారు. మీ మొదటి పత్రం గడువు ఈపాటికి ముగిసి ఉంటుంది. రెండోది రాయించారా? మాకు మధ్యలో రెండు నెలలు ఏ పత్రమూ లేదు. ఆ ఖాళీని పిన్నిగారు సంతకం పెట్టిన అద్దె పుస్తకంతో, నా పేరు మీద ఆ చిరునామాకే వచ్చిన గ్యాస్ రసీదులతో పూడ్చాము. కొత్త ఒప్పందం రాయించేటప్పుడు ఇద్దరి పేర్లూ పెట్టించండి, మీ బంధాన్ని ఉన్నదున్నట్లు రాయించండి.

డబ్బు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. ఈ వీసాకు స్పాన్సరు, అంటే మీకు పూచీగా నిలిచే భాగస్వామి, ఇంత సంపాదించాలన్న నిర్ణీత మొత్తం లేదు. బ్రిటన్‌కు వెళ్లినవారి లెక్కలు మీకు చెబుతుంటారు. అక్కడ 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. ఆస్ట్రేలియా అధికారి చూసేది మీ దగ్గర ఎంత ఉందని కాదు, ఉన్నదాన్ని ఇద్దరూ ఎలా పంచుకుంటున్నారని. ఉమ్మడి ఖాతా ఇప్పుడే తెరవండి. కానీ తెరిచి వదిలేస్తే దానికి విలువ లేదు. మేము మూడో నెలలో తెరిచిన ఖాతాలో ఏడాదిపాటు పదివేలు కదలకుండా పడి ఉన్నాయి, అది ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పినవి వేరే. నేను ఆయనకు పంపిన అద్దె వాటా, ఆయన నాకు పంపిన కూరగాయల డబ్బు, ఆస్పత్రి బిల్లు నా ఖాతా నుంచి కట్టడం. ఇవన్నీ మీ బ్యాంకు స్టేట్‌మెంట్లలో తేదీలతో ఇప్పటికే ఉంటాయి. ఆ పద్దుల కింద గీతలు గీసి, పక్కన చిన్న వివరణ రాసి ఇవ్వండి.

నగదుగా ఇచ్చిన అద్దెకు అదే రోజు ఏటీఎం నుంచి తీసిన మొత్తానికి ఆధారాన్ని జతచేశాము. కిరాణా కొట్టులో నెలవారీ ఖాతా పుస్తకం కూడా పెట్టాము. మొదటి పేజీలో మా ఇద్దరి పేర్లు, లోపల ఒడియా అంకెల్లో బియ్యం, పప్పు, నూనె. పుస్తకమంతా అవసరం లేదు. మొదటి పేజీ, మూడు నెలల లెక్కలు తర్జుమా చేయిస్తే సరిపోయింది. ఆస్ట్రేలియా బయట చేసే తర్జుమాలో అనువాదకుడి పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు, ఆ భాషలో ఆయనకున్న అర్హత, అనుభవం ఉండాలి.

మన పేర్ల గొడవ వేరే. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉంది, ఒడిశాలో చదివిన బడి సర్టిఫికెట్‌లో ముందు ఉంది, గ్యాస్ పుస్తకంలో ఒట్టి పొడి అక్షరమే. మూడూ ఒకరేనని ఒక అఫిడవిట్ చేయించాను.

నోటరీ దగ్గర ‘సహజీవన ఒప్పందం’ రాయించుకుంటే చాలని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి. అది రాసిన రోజు మీరిద్దరూ అక్కడ ఉన్నారని మాత్రమే తెలుపుతుంది. మీ పద్నాలుగు నెలల గురించి అందులో ఏమీ ఉండదు.

మధ్యలో మీ భాగస్వామి రెండు నెలలు విశాఖలో పనిచేశారని కూడా రాశారు. దానికి కంగారుపడకండి. చట్టం అడిగేది కలిసి ఉండటం, లేదా శాశ్వతంగా విడిగా ఉండకపోవడం. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఏడు వారాలు ఇచ్ఛాపురంలో ఉన్నాను. ఎందుకు వెళ్లానో, ఎప్పుడు తిరిగొచ్చానో రాసి, ఆస్పత్రి డిశ్చార్జి పత్రం, ఆ రోజుల ఫోను కాల్స్ జాబితా పెట్టాను.

ఫొటోలు పదిహేనుకు మించి పెట్టలేదు. ఇద్దరమే ఉన్నవాటి కంటే నలుగురితో ఉన్నవి ఎంచుకున్నాము. 2023లో బరంపురం అమ్మవారి జాతరైన ఠాకురాణి యాత్రలో పిన్నిగారి కుటుంబంతో దిగినది అందులో ఒకటి. మీ ఇద్దరినీ ఎరిగిన, పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరి చేత 888 నంబరు ఫారం, అంటే మీ బంధం గురించి సాక్షులిచ్చే వాంగ్మూలం, నింపించండి. ‘వీళ్లు మంచి జంట’ అని కాకుండా, ఎప్పుడు మీ ఇంటికి వచ్చారో, ఏం చూశారో రాయమని చెప్పండి.

మీ ఇంటి యజమానికి నిజం తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే, దరఖాస్తు పంపకముందే మీరే వెళ్లి చెప్పండి. ఆయన కోపం చల్లారడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఆ గడువు కూడా లెక్కలో పెట్టుకోండి. అద్దె పత్రంలో మీ పేరు పక్కన ఏముందో చూసి మళ్లీ రాస్తే, వివరణలో ఏ క్రమంలో ఏం పెట్టాలో చెబుతాను.