సుస్థిరత కోసం అందరూ కలిసి పనిచేయడం: చెత్త బండి దగ్గర నాకు తెలిసొచ్చింది

ప్రభుత్వం, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, మామూలు జనం పర్యావరణం కోసం నిజంగా కలిసి పనిచేయగలరా, చేస్తే ఎలా అని అడిగారు. చేయగలరు. నాలుగేళ్ల పాటు మా అపార్ట్‌మెంట్లలో చెత్త వేరుచేసే పని చూసినవాడిగా చెబుతున్నాను.

మొదటి మూడు నెలలు ఇంటింటికీ తిరిగాం. తడి చెత్తకు ఒక డబ్బా, పొడి చెత్తకు ఒక డబ్బా. జనం బాగానే విన్నారు. నెలనెలా మీటింగ్ పెట్టుకునేవాళ్లం. మున్సిపాలిటీ అధికారి, పొడి చెత్త కొనే కంపెనీ మేనేజరు, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు, మేమూ. అంతా సవ్యంగా నడుస్తోందనే అనుకున్నాం.

ఒకరోజు తెల్లవారుజామున గేటు దగ్గర ఉన్నాను. బండి వచ్చింది. కార్మికుడు రెండు డబ్బాలూ ఎత్తి ఒకదాని మీద ఒకటి ఒకే బండిలో గుమ్మరించాడు. మూడు నెలల కష్టం కళ్లముందే కలిసిపోయింది. "అదేంటన్నా, రెండూ కలిపేస్తున్నావు?" అన్నాను. "బండిలో ఉన్నది ఒకటే అర కదా సార్, ఎక్కడ పోయమంటారు?" అన్నాడు. అంటూనే అరచెయ్యి చూపించాడు. బొటనవేలి కింద కొత్త గాయం, ఎవరో తడి చెత్తలో పడేసిన గాజుపెంకు కోసింది. మా మీటింగులకు అతన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

తర్వాతి మీటింగ్ గేటు దగ్గరే, బండి వచ్చే వేళకే పెట్టాం. డ్రైవరూ కార్మికులూ మాట్లాడారు, మేం విన్నాం. బండి మధ్యలో ఇనుప రేకు అడ్డంగా వెల్డింగ్ చేయించడానికి అధికారి ఒప్పుకున్నారు. గాజును కాగితంలో చుట్టి విడిగా ఇచ్చే బాధ్యత ఇళ్లవాళ్లది. కంపెనీ మేనేజరు అప్పటిదాకా మొహమాటపడి చెప్పని మాట ఆ రోజు చెప్పాడు: నూనె, తడి అంటిన కాగితం వాళ్లకు ఎందుకూ పనికిరాదట, వచ్చిందాంట్లో చాలా భాగం వాళ్లే పారేస్తున్నారట. పొడిగా, వారానికి ఒకే రోజున ఇస్తే తప్పకుండా తీసుకుంటామని రాసిచ్చారు. తడి చెత్త నుంచి చేసిన ఎరువు పక్క నర్సరీ వాళ్లు ముందు వద్దన్నారు, ప్లాస్టిక్ ముక్కలు వస్తున్నాయని. జల్లెడ పట్టి ఇచ్చాక తీసుకెళ్లారు.

అక్కడ నాకు అర్థమైందేమిటంటే, "అందరం బాధ్యతగా ఉందాం" అంటే ఎవరూ కదలరు. ఒకరి అవసరం ఇంకొకరి పనితో ముడిపడితే కదులుతారు. డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్ పట్టణం గురించి చదివినప్పుడు ఈ నమ్మకం ఇంకా బలపడింది. అక్కడ 1972లో ఒక చమురు శుద్ధి కర్మాగారంలో వృథాగా మండిపోయే గ్యాసును పక్కనున్న జిప్సం బోర్డుల ఫ్యాక్టరీ వాడుకోవడం మొదలుపెట్టింది. తర్వాత విద్యుత్ కేంద్రం ఆవిరి ఫ్యాక్టరీలకూ, వేడి ఊళ్లోని ఇళ్లకూ వెళ్లింది. దాని పొగను శుభ్రం చేస్తే వచ్చిన జిప్సం, ఆ బోర్డుల తయారీకి పనికొచ్చింది. ఇన్సులిన్ తయారీలో మిగిలిన ఈస్ట్ పందుల మేత అయింది. ఇదంతా ఎవరో ఒక పెద్ద ప్రణాళిక గీసి చేసింది కాదు. ఇద్దరిద్దరు కూర్చుని, లెక్క కుదిరితే ఒప్పందం చేసుకుంటూ పోయారు.

అయితే ప్రతిచోటా లెక్క దానంతటదే కుదరదు. నష్టపోయేవాళ్లు ఉంటారు, వాళ్ల సంగతి ముందే చూడాలి. ఓజోన్ పొర విషయంలో జరిగింది అదే. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ రసాయనాలు దాన్ని తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ చెప్పారు. తయారుచేసే కంపెనీలు మొదట్లో ఎదురుతిరిగాయి. 1987లో వాటి తయారీ, వాడకం తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పేద దేశాలకు ఆ మార్పు ఖర్చు భరించడం కష్టం కాబట్టి 1990లో వాటికోసం ఒక నిధికి ఒప్పుకున్నారు. చైనా, భారత్ చేరింది ఆ తర్వాతే. శాస్త్రం, చట్టం, పరిశ్రమ, డబ్బు నాలుగూ కలిశాయి కాబట్టే ఆ పని జరిగింది.

మా దగ్గర కూడా ఒకసారి అంతా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అధికారి బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారికి ఇదంతా ఏంటో తెలియదు. ఎవరు ఏం చేయాలో కాగితం మీద ఉండబట్టి బతికిపోయాం. వారం వారం తూకం లెక్క నోటీసు బోర్డు మీద పెట్టడం కూడా చాలా కలిసొచ్చింది. లెక్క కళ్లకు కనిపిస్తుంటే కంపెనీ ఒక వారం రాకపోయినా, మేం బద్ధకించినా అడిగేవాళ్లు ఉంటారు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే, ముందు ఆ పనిలో చివరి మెట్టు మీద ఎవరున్నారో కనుక్కోండి. చెత్త అయితే బండి ఎత్తే మనిషి, నీళ్లయితే వాల్వు తిప్పే మనిషి. వాళ్లు పనిచేసే వేళకే వెళ్లి, పక్కన నిలబడి చూడండి. మీటింగు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. వాళ్లకు కుర్చీ వేసే పెట్టండి.