అమ్మలూ, ఆ ఫార్ములా ఖాయం చేసే ముందు

అమ్మలూ,

యూనివర్సిటీలకి రీసెర్చి నిధులు పంచే ఫార్ములా తయారుచేసే టీములో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పేపర్ల సంఖ్యకీ, వాటిని మిగతావాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారన్న సైటేషన్లకీ అందులో పెద్ద వాటా ఉంటుందని కూడా చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల లెక్కలు చదువుతానంటే ఎందుకన్నవాళ్ళే ఎక్కువ, అలాంటిది ఇవాళ నీ లెక్కని బట్టి యూనివర్సిటీలకి డబ్బు వెళ్ళబోతోంది. చాలా గర్వంగా ఉంది తల్లీ. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా యూనివర్సిటీ నాణ్యత చూసే విభాగం ఐక్వాక్‌లో కూర్చుని డిపార్టుమెంట్ల పేపర్ల లెక్కలు పోగుచేసిన కాలం నాకు బాగా గుర్తుంది కాబట్టే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఒక్క ఏడాది లెక్క తీసుకోవద్దు, అయిదేళ్ళ సగటు తీసుకో. కెమిస్ట్రీనీ మ్యాథ్స్‌నీ ఒకే వరసలో నిలబెట్టవద్దు, ఏ సబ్జెక్టుని ఆ సబ్జెక్టులోనే పోల్చు. సంఖ్యలు ఖాయం చేసే ముందు ప్రతి యూనివర్సిటీకీ తన డేటా చూపించి సరిచేసుకునే గడువు ఇవ్వు, ఎందుకంటే పేపర్లనీ సైటేషన్లనీ లెక్కపెట్టే డేటాబేసు స్కోపస్‌లో మన పేర్లు ఎలా ముక్కలవుతాయో నీకు తెలుసు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఉత్త ఇనీషియల్, ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్ళు. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పేరుతో యూనివర్సిటీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది, ఢిల్లీలో అదే పేరుతో కాలేజీ ఉంది. ఎవరి పేపర్ ఎవరి ఖాతాలో పడిందో చూడకుండా డబ్బు పంచితే కోర్టు కేసులే మిగులుతాయి.

ఇక హెచ్-ఇండెక్స్, పేపర్లనీ సైటేషన్లనీ కలిపి ఒక్క అంకెలో చెప్పే కొలత. మీ టీములో ఎవరో ఒకరు దాన్ని తప్పకుండా పట్టుకొస్తారు, ఎందుకంటే మన దేశంలో ఇది ముందే జరిగింది. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2009లో మొదలుపెట్టిన పర్స్ పథకంలో స్కోపస్‌లోని హెచ్-ఇండెక్స్ చూసి యూనివర్సిటీలకి డబ్బిచ్చారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ, ఉస్మానియాకీ, మన తిరుపతి ఎస్వీయూకీ ఆ నిధులు వచ్చాయి. పైరవీ చేసినవాడికి కాకుండా పనిచేసినవాడికి డబ్బు రావడం చిన్న సంగతి కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ హెచ్-ఇండెక్స్ 40 అంటే కనీసం 40 సైటేషన్లు వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని, అంతే. సంస్థ ఎంత పెద్దదైతే, ఎంత పాతదైతే అది అంత పెరుగుతుంది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీనీ, 2008లో పుట్టిన విక్రమ సింహపురినీ ఆ కొలబద్ద పక్కన నిలబెట్టి చూసి ఏం తెలుసుకుంటావు?

పోనీ మనిషికిన్ని పేపర్లని భాగించి చూద్దామంటావేమో. అప్పుడు కింద ఏ సంఖ్య వేస్తావో జాగ్రత్త. మన యూనివర్సిటీల్లో పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటాయి, పాఠాలన్నీ గెస్ట్ ఫ్యాకల్టీ, అకడమిక్ కన్సల్టెంట్లు చెబుతారు, వాళ్ళు రాసిన పేపరు పైన లెక్కకి వస్తుంది, వాళ్ళు మాత్రం కింద లెక్కలో ఉండరు. అంటే మనుషుల్ని తీసుకోని యూనివర్సిటీకే మంచి మార్కులు. మంజూరైన పోస్టులతో భాగించావా, ప్రభుత్వం పోస్టులు నింపనందుకు శిక్ష యూనివర్సిటీకి పడుతుంది, డబ్బు తగ్గుతుంది, పేపర్లు ఇంకా తగ్గుతాయి. ఈ రెండింటిలో ఏదైనా సరే, గణితంగా కుదిరింది కదా అని ఊరుకోవద్దు. నీకు చిన్నప్పటినుంచీ ఆ అలవాటుంది, సమాధానం పుస్తకం వెనక ఉన్నదానితో కలిస్తే చాలు, లెక్క ఎలా వచ్చిందో మళ్ళీ చూసేదానివి కాదు. ఎన్నిసార్లు తిట్టాను నిన్ను దానికి!

నేను అసలు చెప్పాలనుకున్నది ఆస్ట్రేలియా సంగతి. 1990ల్లో వాళ్ళు యూనివర్సిటీలకిచ్చే రీసెర్చి డబ్బులో కొంత భాగాన్ని పేపర్ల సంఖ్యని బట్టి పంచడం మొదలుపెట్టారు. పుస్తకం రాస్తే 5, పత్రికలో వ్యాసం వస్తే 1. సమీక్ష జరిపే పత్రికైతే చాలు, అది మంచిదా నాసిదా అన్న తేడా లేదు. ఆ పని చేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నీలాగే చురుకైనవాళ్ళు, లెక్క అందరికీ అర్థమయ్యేలా సులువుగా ఉండాలనుకున్నారు. యూనివర్సిటీలకి ఒక్క వ్యాసం విలువ ఎన్ని డాలర్లో తెలిసిపోయింది. తెలిసిన ధర పైనే ఆగుతుందా? ఫ్యాకల్టీకి, అంటే కొన్ని డిపార్టుమెంట్ల గుంపుకి దిగింది, అక్కడినుంచి డిపార్టుమెంటుకి, అక్కడినుంచి మనిషికి. 2003లో లిండా బట్లర్ అనే ఆవిడ లెక్కతీసి చూపించింది, సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అనే డేటాబేసులోని పేపర్లలో ఆస్ట్రేలియా వాటా ఒక దశాబ్దంలో 25 శాతం పెరిగింది, కానీ ఆ పేపర్లకి వచ్చే సైటేషన్లు మిగతా దేశాలతో పోలిస్తే పడిపోయాయి. పెరిగినవాటిలో ఎక్కువ భాగం తక్కువ స్థాయి పత్రికల్లోనే పెరిగాయి. ఎన్ని అని అడిగారు కాబట్టి ఎన్నో ఇచ్చారు.

నువ్వు స్టాటిస్టిక్స్ పిల్లవి, ఇంకో సంగతి కూడా చెప్పకపోతే నాకు తప్పు. 2017లో మరికొందరు పరిశోధకులు ఆ లెక్కనే మళ్ళీ తిరగేసి, సైటేషన్లు పడిపోయాయన్న మాట నిజం కాదని వాదించారు, దాని మీద పెద్ద చర్చే జరిగింది. మీటింగులో ఎవరైనా ఆ వ్యాసం తీసి నీ ముందు పెడితే కంగారు పడవద్దు. సైటేషన్ల మాట ఎటు తేలినా, డబ్బు దేనికి కట్టారో మనుషులు దానివైపు కదిలారన్నది మాత్రం ఆ చర్చలో కొట్టుకుపోలేదు. నీకు కావలసింది అదే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ కదలడమేమిటో మా వరండాలో చూశాను. 2010లో యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ, టీచర్ల పనికి మార్కులు వేసే ఏపీఐ స్కోర్లు తెచ్చింది. ప్రమోషన్ కావాలంటే పాయింట్లు, పాయింట్లు కావాలంటే పేపర్లు. అప్పటిదాకా ఏ పేరూ వినని పత్రికలనుంచి రోజూ మెయిళ్ళు మొదలయ్యాయి, రెండు రోజుల్లో అంగీకారం, వారంలో ప్రచురణ, ఫీజు ఇంత. మా పక్క డిపార్టుమెంటులో ఒక పిల్ల పీహెచ్‌డీ చేసేది, మంచి పిల్ల, ఫెలోషిప్ నెలల తరబడి రాలేదు. థీసిస్ ఇవ్వాలంటే ముందు ఒక పేపరు రావాలన్న నిబంధన అప్పట్లో ఉండేది, గైడుకేమో మార్చిలోగా డిపార్టుమెంటు లెక్క పంపాలన్న టెన్షన్. వాళ్ళమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పంపిన డబ్బుతో ఆ ఫీజు కట్టింది. పేపరు వచ్చింది, పాయింటూ వచ్చింది. కొన్నాళ్ళకి ఆ పత్రిక వెబ్‌సైటే లేదు. ఆ అమ్మాయి నా గదిలో కూర్చుని ఏడవలేదు, నా పేపరు ఇప్పుడు ఉన్నట్టా లేనట్టా మేడమ్ అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఇది ఒక్క మా వరండాతో పోలేదు. 2018 మేలో యూజీసీయే తన ఆమోదిత జాబితాలోంచి 4,305 పత్రికలు తీసేసింది. మన హైదరాబాద్ నుంచే నడిచిన ఒక ప్రచురణ సంస్థని, పరిశోధకుల్ని మోసం చేసినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. తరువాత యూజీసీదే కేర్ అనే కొత్త పత్రికల జాబితా వచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేశారు. థీసిస్‌కి ముందు పేపరు ఉండితీరాలన్న నిబంధన 2022లో పోయింది. ఇవన్నీ కాయితాల మీద సర్దుకున్నాయి, కానీ ఆ ఏళ్ళలో చదివిన పిల్లల వయసు తిరిగిరాదు కదా. అందుకే అడుగుతున్నాను, నీ ఫార్ములా పక్కన ఒక షరతు ఉండాలి: ఈ పాయింట్లు సంస్థకే, ఏ మనిషి ప్రమోషన్‌కీ, ఏ విద్యార్థి థీసిస్‌కీ వీటిని వాడకూడదు, వాడితే నిధుల్లో కోత. జీవోలో ఉండేలా చూడు, నోటిమాటగా వదలవద్దు. నార్వేలోనూ సంస్థల కోసం పెట్టిన పాయింట్లు చాలాచోట్ల మనుషులదాకా దిగాయి.

నార్వే పద్ధతి మాత్రం ఒకసారి కూర్చుని చదువు. 2000ల మధ్యలో మొదలుపెట్టారు, పత్రికల్ని రెండు స్థాయిలు చేశారు, మామూలు పత్రికలో వ్యాసానికి 1 పాయింటు, పైస్థాయిలో 3, పుస్తకానికి 5 లేదా 8. పైస్థాయి పత్రికలు ఆ రంగంలో వచ్చే మొత్తం ప్రచురణల్లో అయిదోవంతుకి మించకూడదన్నారు, ఆ జాబితాని తయారుచేసేది ఆ రంగం పరిశోధకులే. అన్నిటికంటే ముఖ్యం, ఆ సూచిక మీద కదిలిన డబ్బు మొత్తం నిధుల్లో 2 శాతం దగ్గరే ఉండేది. అంత కొద్ది డబ్బుకే అంత కదలిక వచ్చిందంటే మీవాళ్ళు అనుకుంటున్న పెద్ద వాటా ఏం చేస్తుందో ఆలోచించు. పాయింట్లని రచయితల మధ్య పంచితే కలిసి పనిచేసేవాళ్ళకి నష్టమని తేలాక పంచే లెక్కని మార్చుకున్నారు కూడా. అంత జాగ్రత్తగా చేసినవాళ్ళే చివరికి పేపర్ల సూచికని నిధుల లెక్కలోంచి తీసేశారు. డెన్మార్క్ ఇలాంటిదాన్నే పెట్టి 2021లో మానేసింది. బ్రిటన్‌వాళ్ళు ఎన్ని అని లెక్కపెట్టరు, ఇన్నికి మించి పంపవద్దని పరిమితి పెట్టి, పంపినవాటిని మనుషుల చేత చదివిస్తారు. ఖర్చు ఎక్కువే. మనం అన్నీ చదివించలేకపోయినా, ఒక్కో డిపార్టుమెంటు అయిదేళ్ళలో తనకి మంచివనిపించిన కొన్ని పేపర్లే పంపాలన్న పరిమితి పెట్టగలం, దానికి కొత్తగా పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు నా భయం చెబుతాను, నవ్వవద్దు. మీ అమ్మమ్మ మాట్లాడిన మాటలు నీకు గుర్తున్నాయా, గాదె, గుమ్మి, కల్లం, తూర్పారబట్టడం? భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ళకి మనుషుల్ని పంపి ఇలాంటి మాటలన్నీ ఏరించి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో తెచ్చారు. అలాంటి పనికి స్కోపస్‌లో ఎన్ని పాయింట్లు వస్తాయో లెక్కవేసి చూడు. తెలుగు శాఖ, చరిత్ర శాఖ, శాసనాలు చదివేవాళ్ళు, మన నేలల మీద మన రైతు కోసం తెలుగులో రాసేవాళ్ళు అందరూ సున్నా దగ్గర నిలబడతారు. సున్నా వచ్చిన శాఖకి పోస్టులెందుకని తరువాతి మీటింగులో ఎవరో అంటారు. అది మాత్రం నీ చేతుల మీదుగా జరగకూడదమ్మా.

దీనికి దారి లేకపోలేదు. బెల్జియంలో డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతానికీ ఇదే కష్టం వచ్చింది, విదేశీ డేటాబేసుల్లో వాళ్ళ భాషలో రాసిన సామాజిక శాస్త్రాలూ మానవీయ శాస్త్రాలూ కనిపించడం లేదని గొడవ చేశారు. 2008లో వాటికోసం విడిగా ఒక రిజిస్టరు ఏర్పాటు చేసుకున్నారు, అందులోకి ఏవి రావాలో అక్కడి పండితులే తేలుస్తారు. మనమూ తెలుగులో వచ్చే పుస్తకాలకి, పత్రికలకి అలాంటి రిజిస్టరు పెట్టుకోవచ్చు. అది తయారయ్యేదాకా భాషా సాహిత్యాలనీ చరిత్రనీ ఈ లెక్క బయట ఉంచి వాటి వాటా విడిగా ఇవ్వమను. ఒప్పుకోకపోతే నీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించు. చిన్నదానివని మాట్లాడనివ్వరేమోనని భయపడతావని నాకు తెలుసు, నీ గొంతు వణుకుతుంది, అయినా చెప్పు. కాయితం మీద రాసుకుని వెళ్ళి చదివినా పరవాలేదు.

ఇంకోటి, పాత అయిదేళ్ళ డేటా మీద మీ ఫార్ములా నడిపి ఏ యూనివర్సిటీకి ఎంత పెరుగుతుందో ఎంత తగ్గుతుందో పట్టిక వేయి. మొదటి మూడేళ్ళూ ఎవరికీ పాతదానికంటే బాగా తగ్గకుండా అడ్డు పెట్టు. మూడేళ్ళ తరువాత మొత్తం మళ్ళీ చూడాలని, పనికిరాకపోతే తీసేయాలని ఇప్పుడే రాసిపెట్టండి.

డ్రాఫ్టు బయటికి పంపవచ్చని మీవాళ్ళు ఒప్పుకుంటే నాకూ ఒక కాపీ పంపు, చదివి మార్జిన్లో రాసి పంపుతాను. వేళకి తిను, మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి, ఆవిడ నాకంటే ఎక్కువ కంగారు పడుతోంది.

ఆశీస్సులతో
మీ పిన్ని