గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్స స్త్రీల లైంగిక జీవితంపై ఎలాంటి ప్రభావం చూపుతుంది?

ప్రభావం చికిత్సను బట్టి ఉంటుంది. ర్యాడికల్ హిస్టరెక్టమీలో గర్భసంచితో పాటు యోని పైభాగాన్ని కొంత తొలగిస్తారు కనుక యోని పొడవు తగ్గుతుంది. అక్కడి నరాలు దెబ్బతింటే తడి, స్పర్శ కూడా తగ్గవచ్చు. దీర్ఘకాలం ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం రేడియేషనే. బయటి నుంచి ఇచ్చేదైనా, లోపల పరికరం అమర్చి ఇచ్చే బ్రాకీథెరపీ అయినా, అది కణజాలాన్ని గట్టిపరచి యోనిని నెలల తరబడి క్రమంగా ఇరుకు చేయగలదు; అండాశయాలు పనిచేయడం ఆగి ముట్లు ముందే నిలిచిపోతే పొడిబారడం, కలయికలో నొప్పి, కోరిక తగ్గడం తోడవుతాయి. చికిత్స ముగిసి వాపు తగ్గాక, సాధారణంగా కొన్ని వారాలకు, డాక్టర్ సూచన మేరకు డైలేటర్ (యోని ఇరుకు కాకుండా లోపల పెట్టుకునే నున్నని గొట్టం లాంటి సాధనం), నీటి ఆధారిత లూబ్రికెంట్ (తడి కోసం రాసుకునే జెల్), అవసరమైతే ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ ఉన్న క్రీము వాడితే ఉపశమనం ఉంటుంది. కలయిక వల్ల క్యాన్సర్ భర్తకు అంటుకుంటుందన్న భయం (కొన్ని జంటలను నొప్పికన్నా ఎక్కువగా దూరం చేసేది ఇదే) నిరాధారం.