కొట్టుకి అద్దాల తలుపు సరే, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: తెనాలిలో 17 ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. వయసు 43, ఇద్దరు పిల్లలు. రోజుకి 15 వేల అమ్మకం. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి నెలకి 23 వేలు, ఇంటికి 18 వేలు అవుతుంది. మా వీధి చివర సూపర్ మార్కెట్ వచ్చాక బేరాలు తగ్గాయి. ఏసీ, అద్దాల తలుపు, జనం లోపలికొచ్చి తీసుకునేలా ర్యాకులు పెట్టి కొట్టు మార్చాలంటే 8 లక్షలవుతుందని ఇంటీరియర్ డిజైనర్ చెప్పారు. తెలిసిన ఫైనాన్స్ ఆయన రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తానన్నారు. మిగతా 3 లక్షలకి మా ఆవిడ నగలు బ్యాంకులో పెడదామనుకుంటున్నాను. చేతిలో 40 వేలున్నాయి. ఇన్సూరెన్సులేమీ లేవు. ఇది మంచి పెట్టుబడేనా సార్?

జవాబు: ర్యాకుల గురించి అంత వివరంగా రాసి, ఇన్సూరెన్స్ గురించి చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు రాసే వ్యాపారుల్లో చాలామందిది ఇదే వరస. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ముందు లెక్క చూద్దాం. నూటికి పది మిగులు అనుకుంటే నెలకి 45 వేలు వస్తుంది. కొట్టు ఖర్చు, ఇంటి ఖర్చు పోను మీ దగ్గర మిగిలేది 4 వేలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ 5 లక్షల మీదే నెలకి 10 వేలు. నగల మీద ఏడాదికి 9 శాతం వేసుకున్నా ఇంకో 2,250. ఈ వడ్డీ కట్టడానికే రోజుకి నాలుగు వేలకి పైగా అమ్మకం పెరగాలి. అప్పులో అసలు తీర్చే మాట ఇంకా ఎత్తలేదు. ఏసీ కరెంటు బిల్లు, చేతివాటం వల్ల పోయే సరుకు కూడా కలపలేదు. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి అద్దాలు బిగించడమేమిటండీ?

కొట్టు అమరికకి బలం లేదని నేననను. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచాడు. అప్పటిదాకా అక్కడా మన కిరాణా కొట్టు పద్ధతే, అడిగితే లోపలి మనిషి తెచ్చిచ్చేవాడు. ఈయన జనాన్నే లోపలికి వదిలాడు, కాకపోతే అరలన్నీ దాటుకుంటూ పోతేనే బయటి దారి దొరికేలా కట్టాడు. పప్పుకని వచ్చినవాళ్లు బిస్కెట్లు, సబ్బులు కూడా పట్టుకెళ్లడం వెనక ఉన్నది ఈ కిటుకే. మీ వీధి చివర సూపర్ మార్కెట్లో రోజూ కావాల్సిన పాలు, బియ్యం వెనక ఎక్కడో పెట్టి ఉంటే, దాని వెనకా ఇదే లెక్క. ఆ సాండర్స్ కొట్టు పెట్టడంలో ఓడిపోలేదు. అప్పులు తెచ్చి సొంత కంపెనీ షేర్ల మీద పందెం కాసి 1923లో కంపెనీనే పోగొట్టుకున్నాడు.

మన దగ్గర బిగ్ బజార్ సంగతి మీకు తెలుసు. మెరిసే ఖాళీ కొట్టులోకి అడుగుపెట్టాలంటే మన జనం జంకుతారని దాన్ని పెట్టిన కిశోర్ బియానీ కనిపెట్టి, కావాలనే కుప్పలు, ఇరుకు దారులు, సందడి ఉంచారు. సంతలో తిరిగినట్టుండేది. అమరికలో అంత తెలివున్న కంపెనీ, నెత్తిన అప్పులుండగా 2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు పడిపోయేసరికి తట్టుకోలేకపోయింది. 2022లో దివాలా కోర్టుకి చేరింది. డీమార్ట్‌లో ఏ హంగూ ఉండదు, కానీ చాలావరకు భవనాలు సొంతం, అప్పు బహు తక్కువ.

అంత పెద్ద కంపెనీకే అమ్మకాలు ఆగిన నెలలు గడవలేదు. మీ 40 వేలు ఒక్క నెలకి కూడా చాలవు! ఇల్లు, కొట్టు కలిపి నెలకి 41 వేలు, అంటే ఆరు నెలలకి సుమారు రెండున్నర లక్షలు కావాలి. ర్యాకుల కన్నా ముందు అది. మీరు పది రోజులు ఆసుపత్రిలో పడుకుంటే గల్లా దగ్గర ఎవరు కూర్చుంటారు? కూర్చునేవాళ్లున్నా, ఆసుపత్రి బిల్లుకి మళ్లీ ఆ ఫైనాన్స్ ఆయన దగ్గరికే వెళ్తారు. నలుగురికీ కలిపి 10 లక్షల హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలా సొంతంగా తీసుకునే పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. మీకేమన్నా అయితే ఇంటివాళ్లకి డబ్బొచ్చే టర్మ్ పాలసీ మీ పేర, నిప్పు, వరదలాంటి నష్టాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ కొట్టుకి, రెండూ ఉండాలి. దొంగతనానికి విడిగా కవర్ అడగండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచింది. తెనాలికి అదేమంత దూరం కాదు. నీళ్లలో నానిన బియ్యం బస్తాలకి డబ్బు ఎవరిస్తారు?

అమరిక ఇప్పుడే మార్చాలనుంటే 25 వేలలో ముగించండి. అదీ ఈ పాలసీలన్నీ కట్టాక, కొట్టు మిగులులోంచి నెలకి కొంచెం చొప్పున. గుమ్మంలో నూనె డబ్బాలు, బస్తాలు ఉంటే తీసేసి దారి ఖాళీ చేయండి. కౌంటర్‌ని పక్కకి జరిపి మనిషి రెండడుగులు లోపలికి రానివ్వండి. మంచి ఎల్ఈడీ లైట్లు వేయండి. మీ కొట్టులో మనిషి నిలబడి సరుకు కోసం చూసే ఆ అయిదు నిమిషాలూ ఆయన కళ్లు మీ వెనక గోడ మీదే ఉంటాయి. ఆ గోడకి కంటి ఎత్తులో ఇప్పుడేముంది? పాత క్యాలెండర్లు, సిగరెట్ పెట్టెలైతే తీసేసి, ఎక్కువ మిగులున్న సరుకు పెట్టండి. ధర కనిపించేలా రాయండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. కాటా ముల్లు, అంకెలు కొనేవాళ్లవైపు తిప్పండి. చల్లటి పానీయాల ఫ్రిజ్ డబ్బు పెట్టి కొనకండి, కంపెనీ డీలర్‌ని అడిగి చూడండి.

చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర రుణం ఆ ఆరు నెలల డబ్బు చేరాక చూద్దాం, ఫైనాన్స్ ఆయన కన్నా ఎంతో నయం. చీటీ పాడి తెద్దామనే ఆలోచన ఉంటే అది కూడా అప్పే.

డిజైనర్‌కి అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇచ్చి ఉంటే పని 25 వేలకి కుదించమని అడగండి, ఒప్పుకోకపోతే అడ్వాన్స్ వదులుకున్నా ఫర్వాలేదు. నగలు ఇంకా బీరువాలోనే ఉంటే అక్కడే ఉండనివ్వండి.