తాతామనవళ్ల తగువులో శ్రీలంక

ప్రశ్న: మా మామగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. 1987లో శ్రీలంక వెళ్లిన బలగంలో ఆయనా ఉన్నారు. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. జనం వద్దంటున్న విదేశీ యుద్ధాన్ని దేశం కొనసాగించాలా అని కాలేజీలో డిబేట్ పెడితే, జనానికి ఇష్టం లేనప్పుడు వెంటనే ఆపేసి వచ్చేయాలని మాట్లాడి ఫస్ట్ ప్రైజ్ తెచ్చుకున్నాడు. ఇంట్లో అదే మాటంటే మామగారికి కోపం వచ్చింది. "సగంలో వచ్చేస్తే పోయినవాళ్ల ప్రాణాలకు విలువేముంది?" అన్నారు. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నాకు టెన్షన్. మీరెవరి వైపు?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, తేల్చి చెప్పమంటే మీ అబ్బాయి వైపే. కాకపోతే వాడు చెప్పిన కారణం నాకు నచ్చలేదు. జనానికి నచ్చిందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. మన సైన్యం శ్రీలంక ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలో దిగిన కొత్తల్లో అక్కడి తమిళులు పూలదండలతో ఎదురొచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే కాల్పులు మొదలయ్యాయి.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పేవాణ్ణి. క్లాసులో తిరుమలగిరి, బొల్లారం వైపు పిల్లలు చాలామంది. శ్రీలంకకు ముందుగా వెళ్లింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజనే కాబట్టి, ఆ యుద్ధం మాకు పేపర్లో చదివే వార్త మాత్రమే కాదు. ఒక కుర్రాడు వాళ్ల నాన్న రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్ తెచ్చి చూపించాడు. మేమిక్కడ ఎవరితో పోరాడుతున్నామో, ఎందుకో పేపర్లలో ఏం రాస్తున్నారో చూసి రాయమని కొడుకును అడిగాడాయన. యుద్ధంలో ఉన్న మనిషే ఆ సంగతి ఇంటికి రాసి కనుక్కోవాల్సి వచ్చిందంటే, పైనున్నవాళ్లకు మాత్రం ఏం స్పష్టత ఉన్నట్టు?

1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. వేరే తమిళ దేశం కోసం శ్రీలంక ప్రభుత్వంతో పోరాడుతున్న పులులు (ఎల్టీటీఈ) ఆయుధాలు అప్పగించాలి, తమిళ ప్రాంతాలకు అధికారాలు రావాలి, అది సజావుగా జరిగేలా మనవాళ్లు చూడాలి. మనవాళ్లు వెళ్లింది ఆ పనికి. అక్టోబరుకల్లా ఆ పులులతోనే యుద్ధం. జాఫ్నా యూనివర్సిటీ దగ్గర అర్ధరాత్రి హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు. 1989 వచ్చేసరికి కొత్త అధ్యక్షుడు ప్రేమదాస జులై నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మన్నాడు. పిలిచిన ఇంటివాళ్లే పొమ్మన్నాక ఇంకా ఎవరి కోసం ఉండాలి? అదే 1971 చూడండి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 1972 మార్చిలో మనవాళ్లు బంగ్లాదేశ్ నుంచి వచ్చేశారు. వెళ్లిన పనేమిటో తెలుసు, అది అయిందని కూడా తెలుసు.

ఇక మీ మామగారి మాట. నల్గొండ వైపు బోరు వేయించే రైతును అడగండి. మూడు వందల అడుగులు వేసినా చుక్క పడకపోతే, ఇంతదాకా పెట్టిన డబ్బు మునిగిపోతుందని ఇంకో వంద వేయమంటాడు. ఆ డబ్బు ఎలాగూ పోయింది, చూసుకోవాల్సింది కింద నీళ్లున్నాయా లేవా అని. అమెరికాలో 1968 నాటికే వియత్నాం యుద్ధం తప్పు అనేవాళ్లు సర్వేల్లో సగం దాటారు. 1969లో గద్దెనెక్కిన నిక్సన్ మాత్రం పరువుగా బయటపడాలన్నాడు. ఆ పరువు కోసం ఆయన హయాంలో మరో 20 వేల మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. 1973 జనవరిలో పారిస్‌లో ఒప్పందం జరిగింది, అమెరికా కాపాడాలనుకున్న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ 1975 ఏప్రిల్ 30న ఎలాగూ పడిపోయింది. వియత్నామీయులు ఎన్ని లక్షల మంది పోయారో ఆ పరువు లెక్కలో ఎవరూ కలపలేదు. ముందు పోయినవాళ్లకు విలువ తేవడానికి ఇంకొందరిని పంపడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.

అయినా ఆయన కోపం వాదన మీద కాకపోవచ్చు. శ్రీలంకలో మనవాళ్లు సుమారు 1,200 మంది చనిపోయారు. 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి ఆఖరి దళం బయల్దేరి మద్రాసు చేరితే, ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లనన్నారు. తమిళుల మీద తుపాకులు ఎత్తారన్నది ఆయన అభ్యంతరం. ఎక్కు పెట్టమన్నది ఢిల్లీ, మొహం చాటేసింది జవాన్లకు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు. యుద్ధం తప్పు అని మనవడు అన్నప్పుడు, నువ్వు చేసింది తప్పు అన్నట్టు తాతకు వినపడి ఉంటుంది. ఆ రెండూ ఒకటి కావని వాడు నోరు తెరిచి చెప్పాలి. మధ్యలో మీరు చెబితే లాభం లేదు.

ఇక మీవాడిని నేను అడగాల్సిందొకటుంది. వెంటనే వచ్చేయాలన్నాడు సరే, మనల్ని నమ్మి మన పక్కన నిలబడ్డవాళ్ల సంగతేమిటి? మన అండతో ఈశాన్య శ్రీలంకలో ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్ మన సైన్యం వచ్చేసే రోజుల్లోనే దేశం వదిలి పారిపోయి వచ్చాడు. ఆయన పార్టీ నాయకుడు పద్మనాభను 1990 జూన్‌లో మద్రాసులోనే పులులు కాల్చి చంపారు. మనల్ని పొమ్మన్న ప్రేమదాసనూ 1993 మే 1న వాళ్లే చంపారు. 2021 ఆగస్టులో అమెరికా అఫ్గానిస్తాన్ వదిలి వెళ్తుంటే కాబూల్ ఎయిర్‌పోర్టులో విమానాల వెంట పరిగెత్తినవాళ్లను వాడు ఫోన్‌లో చూసే ఉంటాడు. రావాల్సిందే, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఏ తేదీకి రావాలి, ఎవరెవరిని వెంట తేవాలి, తేలేనివాళ్ల రక్షణకు ఎవరితో ఒప్పందం చేసుకోవాలి? వాడి స్పీచ్‌లో ఇవి లేవనుకుంటాను. ఆ ప్రేమదాస గడువు రోజుల్లో అక్కడి పరిస్థితి ఎలా ఉండేదో మీ మామగారికి తెలిసినంత నాకూ తెలియదు, ఆ ప్రైజ్ ఇచ్చిన జడ్జీలకూ తెలియదు. వాణ్ణి వెళ్లి ఆయన్నే అడగమనండి.