జడల బర్రెల పెంపకంలో చలి కన్నా ఎండకే ఎక్కువ భయపడాలి

మీకు ఆవుల పెంపకంలో అనుభవం ఉన్నదనీ, ఎత్తైన చల్లని చోట పొలం ఉన్నదనీ, నాలుగైదు జడల బర్రెలను (యాక్‌లను) తెచ్చుకుంటే ఆవుల మాదిరిగానే సాకవచ్చునా అనీ అడిగారు. తొమ్మిదేళ్లుగా వీటిని పెంచుతున్నాను. సాకవచ్చు, కానీ ఆవుల దగ్గర నేర్చుకున్న కొన్ని అలవాట్లను మానుకోవలసి ఉంటుంది.

మొదట మానుకోవలసింది, ఎండ ముదరగానే పశువులను కొట్టంలోకి తోలే అలవాటు. ఈ పశువుకు చెమట చాలా తక్కువగా పడుతుంది, పైన పొడవైన వెంట్రుకలు, వాటి కింద దట్టమైన నూగు ఉంటాయి. మైనస్ 40 డిగ్రీల చలిని తట్టుకునే ఆ ఒళ్లే 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడటం మొదలుపెడుతుంది. మొదటి వేసవిలో నేను మేలు చేస్తున్నాననుకొని మధ్యాహ్నం వాటన్నిటినీ మూడు వైపులా గోడలున్న కొట్టంలో కట్టేశాను. గంట తరువాత వెళ్లి చూస్తే ఒక చూడి బర్రె నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది. పలుపు విప్పి గాలి తోలే చెట్ల నీడకు నడిపించి, కాళ్ల మీదా పొట్ట కిందా నీళ్లు పోస్తూ కూర్చుంటే, సాయంత్రానికి గాని అది మళ్లీ నెమరు వేయలేదు. ఆ కొట్టాన్ని తరువాత ఎండుగడ్డి దాచడానికే వాడుకున్నాను. వాటికి కావలసింది గాలి ఆడే నీడ, ఎప్పుడూ అందుబాటులో ఉండే చల్లని నీరు, శీతాకాలంలో ఈదురుగాలిని ఆపే ఒక అడ్డుగోడ.

వసంతం చివర నూగు ఊడటం మొదలైనప్పుడు దువ్వెనతో దువ్వి తీయాలి. మెడ దగ్గర మొదలుపెడితే నూగు పొరలు పొరలుగా చేతిలోకి వస్తుంది, దాని కింద చర్మం వెచ్చగా, ఒక్కోసారి తడిగా తగులుతుంది. అలాగే వదిలేస్తే అట్టలు కట్టి, లోపల తేమ నిలిచి చర్మం పాడవుతుంది. తోక వెంట్రుకలను మాత్రం కత్తిరించకండి. చామరాలు చేసేది ఆ తోక వెంట్రుకలతోనే, కానీ ఈగలను తోలుకోవడానికి ఆ పశువుకు ఉన్న సాధనం అదొక్కటే.

మేత విషయంలో ఇవి తేలికైనవి. పాడి ఆవు కన్నా తక్కువే తింటాయి, మంచి పచ్చికా ఎండుగడ్డీ ఉంటే చాలు. ఒక్కసారిగా దాణా ఎక్కువ పెడితే కడుపులో ఆమ్లం పెరిగి పడిపోతాయి. రాగి లోపం వీటిలో తరచుగా కనిపిస్తుంది కాబట్టి రక్తపరీక్ష చేయించి, పశువైద్యులు చెప్పిన మేరకే ఖనిజ లవణాలు ఇవ్వండి, ఎందుకంటే రాగి మోతాదు మించితే విషమవుతుంది. చిత్తడి నేలలో మేపితే కార్జపు జలగలు (కాలేయంలో చేరే పరాన్నజీవులు) పట్టుకుంటాయి. గొర్రెల మందతో కలిపి ఉంచకండి, గొర్రెలకు ఏ హానీ చేయకుండా వాటిలో ఉండే ఒక వైరస్ వీటికి ప్రాణాంతకమైన జ్వరం తెస్తుంది.

ఈత లెక్క కూడా మారుతుంది. ఆవు సుమారు 280 రోజులు మోస్తే ఇది సుమారు 258 రోజులకే ఈనుతుంది. ఇంకా మూడు వారాలు గడువు ఉన్నదనుకున్న నాకు ఒక తెల్లవారుజామున గడ్డిలో, తల్లి నాకి ఆరబెట్టిన చిన్న దూడ కనిపించింది. దగ్గరికి వెళ్లబోతే తల్లి గుర్రుమంటూ తోక పైకెత్తింది, ఆ తోక చూసి వెనక్కు తగ్గాను. ఈనిన తరువాత కొన్ని రోజులు మచ్చికైన బర్రెనైనా నమ్మి కొమ్ముల ముందు నిలబడకూడదు. ఆవులతో దాటించే ఆలోచన ఉంటే, ఆ సంకరంలో పుట్టే పెయ్యలు చూలు కడతాయి గాని కోడెలకు సంతానశక్తి ఉండదని గుర్తుంచుకోండి. పాల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. దూడకు పోగా మిగిలేది కొద్దిపాటే, అయితే వెన్న 6 శాతానికి పైగా ఉంటుంది.

ఒంటరిగా ఒక్కదాన్నే ఎన్నడూ పెంచకండి, మంద లేని బర్రె కంచెలు తెంచుకొని తిరుగుతుంది. కొనే ముందు మీ పొలంలో ఒక వేసవి పాటు మధ్యాహ్నపు, అర్ధరాత్రి ఉష్ణోగ్రతలను రోజూ రాసి పెట్టుకోండి. పగలు కొంత వేడి ఉన్నా రాత్రి బాగా చల్లబడే చోటైతే అవి తేరుకుంటాయి. రాత్రులు కూడా ఉక్కగా ఉండే చోటైతే, మీరెంత శ్రద్ధగా చూసుకున్నా వాటిని తీసుకురావద్దనే నేను చెబుతాను.